రసభరిత మొక్కల శాఖీయ వ్యాప్తి

రసభరిత మొక్కల శాఖీయ వ్యాప్తి అనగా ఆకులలో గాని, కాండాలలో గాని నీటిని నిలువ చేసుకొనే మొక్కలను విత్తనాలతో పనిలేకుండా ఆకు, కాండపు ముక్క లేదా పిలకల నుండి పెంచే విధానం. తెలుగువారి పెరళ్ళలో కనిపించే రణపాల, కలబంద, నల్లేరు, నాగజెముడు ఈ కోవకు చెందినవి. ఈ మొక్కలు నీరు చాలక చనిపోవడం కంటే నీరు ఎక్కువై కుళ్ళిపోవడమే అధికం.

స్వభావం
సాధారణ మొక్కలకు భిన్నంగా వీటిలో అనేకం పగలు పత్రరంధ్రాలను మూసుకొని రాత్రివేళ తెరుస్తాయి. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు వాయువు ఆమ్లంగా మారి ఆకులో నిలువ ఉంటుంది. పగటి వెలుగులో ఖర్చవుతుంది. అందుకే రణపాల ఆకు ఉదయం పుల్లగా ఉండి, మధ్యాహ్నానికి పులుపు కోల్పోతుంది. ఈ సంగతిని సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ 1813లో ఒక లేఖలో వివరించాడు. రణపాల కుటుంబమైన క్రాసులేసి పేరే తరువాత ఈ ప్రక్రియకు పెట్టబడింది.

పద్ధతులు
* రణపాల: ఆకు అంచుల గంట్లలో మొగ్గలు నిద్రాణంగా ఉంటాయి. ముదురు ఆకును తెంపి తడి ఇసుకపై పరిస్తే ఆ గంట్ల నుండి వేర్లు, చిన్న మొక్కలు వస్తాయి. జర్మన్ కవి గోథే ఈ మొక్కపై మక్కువతో దాని పిల్లలను మిత్రులకు పంపేవాడు.
* కలబంద: ఆకును నాటితే సాధారణంగా కుళ్ళిపోతుంది. తల్లి మొక్క చుట్టూ వచ్చే పిలకలను వేర్లతో సహా వేరుచేసి నాటాలి.
* నల్లేరు: రెండు మూడు కణుపులున్న తీగ ముక్కను, ఒక కణుపు మట్టిలో ఉండేటట్లు నాటాలి.
* నాగజెముడు, జేడ్: కోసిన ముక్కను నీడలో కొన్ని రోజులు ఆరనిచ్చి, గాయంపై పొర కట్టిన తరువాతనే నాటాలి.
* సాన్సివేరియా: ఆకు ముక్కల నుండి కూడా మొక్కలు వస్తాయి. అయితే పసుపు అంచుల రకంలో అలా వచ్చిన మొక్కలకు ఆ అంచులు ఉండవు. అంచులు కావాలంటే దుంపను విడదీసి నాటాలి.

నల్లరేగడి ప్రాంతాలలో
2022లో ప్రకాశం జిల్లా నుండి బాపట్ల జిల్లాలో చేరిన మార్టూరు పరిసరాలలో ప్రత్తి, మిరప పండించే నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు నెర్రెలిచ్చే ఈ బంకమన్ను తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. ప్రత్తికి మేలుచేసే ఈ గుణమే కుండీలోని లేత వేర్లకు చేటు. కావున చేను మట్టిని నేరుగా వాడక, ముతక ఇసుక, చిన్న రాతి ముక్కలు, కొద్దిగా మాగిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమం వాడాలి. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. మట్టి పూర్తిగా ఆరిన తరువాతే మరల నీరు పోయాలి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలకు తడవకుండా కుండీలను చూరు క్రిందికి చేర్చాలి. ఎండాకాలంలో క్రొత్త ముక్కలకు మధ్యాహ్నపు ఎండ తగలరాదు.

జాగ్రత్తలు
జెముడు జాతుల (యూఫోర్బియా) పాలు కంటిలో పడితే తీవ్రమైన హాని కలుగుతుంది. కోసేటపుడు చేతి తొడుగులు ధరించాలి. రణపాలలో, ముఖ్యంగా దాని పూలలో, గుండెపై పనిచేసే విషపదార్థాలు ఉన్నందున పశువులకు అందనీయరాదు.

సులభంగా పెరగడమే ఈ మొక్కలతో వచ్చే చిక్కు. అమెరికా ఖండం నుండి వచ్చిన నాగజెముడు దక్షిణ భారతదేశంలో భూములను ఆక్రమించగా, దానిని అదుపు చేయుటకు 1926లో శ్రీలంక నుండి ఒక జాతి పిండిపురుగును తెప్పించి వదిలారు. మడగాస్కర్‌కు చెందిన రణపాల హవాయి, గలాపగోస్ దీవులలో కలుపుగా మారింది. కావున కత్తిరించిన ముక్కలను చేలగట్లపై, కాలువలలో పారవేయరాదు.

ఇవి కూడా చూడండి
* రణపాల
* కలబంద
* నల్లరేగడి నేల