అండోత్సర్గ పరీక్ష: క్యాలెండర్ నుంచి పట్టీ దాకా

అండాశయం నుంచి అండం విడుదల కావడాన్ని అండోత్సర్గం అంటారు. అది రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు జరుగుతుందని జపాన్ వైద్యుడు క్యూసాకు ఒగినో 1924లో, ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ క్నాస్ 1928లో వేర్వేరుగా తేల్చడంతో, గర్భధారణకు అనువైన రోజులను క్యాలెండర్ చూసి లెక్కగట్టే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. అయితే నెలసరి క్రమం తప్పే స్త్రీలకు ఆ లెక్క కుదరలేదు.

1975లో కేంబ్రిడ్జ్‌లో శాస్త్రవేత్తలు కోలర్, మిల్‌స్టీన్ ఒకే లక్ష్యాన్ని గుర్తుపట్టే మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీకి దారి చూపాక, అండోత్సర్గానికి దాదాపు 24 నుంచి 36 గంటల ముందు ఉన్నట్టుండి పెరిగే ల్యూటినైజింగ్ హార్మోన్‌ను వాటి సాయంతో మూత్రంలో పసిగట్టే పరీక్షలు 1980లలో ఇళ్లకు చేరాయి. ఈ హార్మోన్ మామూలు రోజుల్లోనూ కొంత ఉంటుంది గనుక, గర్భనిర్ధారణ పట్టీపై లేత గీత సరిపోయినట్టు ఇక్కడ సరిపోదు. సాధారణ పట్టీల్లో పరీక్ష గీత పక్కనున్న కంట్రోల్ గీతంత ముదురుగానో, అంతకు మించో కనిపిస్తేనే ఫలితం పాజిటివ్, అదైనా అండం విడుదల కాబోతోందన్న సూచనే తప్ప విడుదలైందనడానికి రుజువు కాదు.