గోఖలే ప్రాథమిక విద్యా బిల్లు (1911–1912): ఒక పరిశీలన

గోపాలకృష్ణ గోఖలేను ఆర్థిక విమర్శకుడిగా, మితవాద నాయకుడిగా, గాంధీజీకి రాజకీయ గురువుగా చరిత్రకారులు విస్తారంగా చర్చించారు. ఆయన శాసనసభా జీవితంలో అత్యంత శ్రమకోర్చి రూపొందించిన ప్రాథమిక విద్యా బిల్లు మాత్రం చాలా గ్రంథాల్లో ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. ఓడిపోయిన బిల్లు కావడమే ఇందుకు కారణం కావచ్చు. అయితే ఆ బిల్లులోని నిబంధనలను నిశితంగా చదివితే, దానిని రచించినవాడు పేదరికాన్నీ పాఠశాలనూ రెండింటినీ లోపలి నుంచి ఎరిగినవాడని తెలుస్తుంది.

గోఖలే 1866లో రత్నగిరి జిల్లా కొత్లుక్ గ్రామంలో జన్మించాడు. 1879లో తండ్రి మరణించాడు. అన్న గోవిందరావు చదువు మాని, నెలకు 15 రూపాయల ఉద్యోగంలో చేరి, అందులో 8 రూపాయలు కొల్హాపూరులో చదువుతున్న తమ్మునికి పంపేవాడు. వీధిదీపం కింద చదివిన బాలుని చిత్రం మీద జీవితచరిత్రకారులకు మక్కువ ఎక్కువ. ఈ పదిహేను, ఎనిమిది అన్న అంకెలు అంతకంటె విలువైన సాక్ష్యం. ఒక పిల్లవాని చదువుకు మరొక పిల్లవాని చదువు మూల్యమైన కుటుంబం అది.

1884లో పట్టభద్రుడైన గోఖలే పుణె న్యూ ఇంగ్లీష్ స్కూలులో ఉపాధ్యాయుడై, దక్కన్ ఎడ్యుకేషన్ సొసైటీ ఆజీవ సభ్యత్వం స్వీకరించి, ఫెర్గుసన్ కళాశాలలో ఆంగ్లం, గణితం, చరిత్ర, అర్థశాస్త్రం బోధించాడు. పాఠశాలల కోసం అంకగణిత పుస్తకం కూడా రచించాడు. 1902లో నెలకు 30 రూపాయల పింఛనుతో అధ్యాపక వృత్తి విరమించి, అదే సంవత్సరం ఇంపీరియల్ శాసన మండలిలో అడుగుపెట్టాడు.

1910 మార్చిలో నిర్బంధ ప్రాథమిక విద్యను కోరుతూ ఆయన మండలిలో తీర్మానం ప్రవేశపెట్టాడు. ప్రభుత్వం పరిశీలిస్తామనడంతో ఉపసంహరించుకొన్నాడు. ఫలితం కనిపించకపోగా 1911 మార్చి 16న స్వయంగా బిల్లు ప్రతిపాదించాడు. ఆనాటి జనగణనలో అక్షరాస్యులు నూటికి ఆరుగురికి మించలేదు. బరోడా సంస్థానం అమ్రేలీ ప్రాంతంలో 1893లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 1906 నాటికి సంస్థానమంతటా నిర్బంధ విద్యను అమలు చేసింది. గోఖలే వాదనకు అది ఇంటి ఉదాహరణ. బ్రిటన్‌లో 1870 నాటి విద్యా చట్టం పాలకులకు చూపదగిన ఉదాహరణ.

బిల్లు తీరు అత్యంత జాగ్రత్తతో కూడినది. నిర్బంధం దేశమంతటా ఒక్కసారిగా రాదు. బడికి వెళ్లే పిల్లల సంఖ్య నిర్ణీత నిష్పత్తికి చేరిన ప్రాంతంలో, స్థానిక సంస్థ కోరితే, ప్రభుత్వం ముందుగా అనుమతిస్తే మాత్రమే వస్తుంది. మొదట 6 నుంచి 10 ఏళ్ల బాలురకే. బాలికలకు తరువాత విస్తరించే వీలుంది. వ్యయంలో మూడింట ఒక వంతు స్థానిక సంస్థలు, రెండు వంతులు ప్రభుత్వం భరించాలన్నది ఆయన ఆలోచన. స్థానిక సంస్థలు విద్యా పన్ను విధించుకోవచ్చు. తల్లిదండ్రుల ఆదాయం నెలకు 10 రూపాయలు మించకుంటే రుసుము ఉండదు. ఈ గీత గోఖలే ఇంటిని కూడా కలుపుకొనేది కాదు. గోవిందరావు సంపాదన 15 రూపాయలు. ఇంత తగ్గి రాసిన బిల్లు విమర్శకు అతీతం కాదు. బాలికలను వాయిదా వేయడం, పేదలందరికీ రుసుము ఎత్తివేయకపోవడం దాని బలహీనతలే. కాని నెగ్గించుకోవలసిన సభలో అధికార సభ్యులదే ఆధిక్యం; ఆయన రాజీ ఆ లెక్కలోంచి పుట్టినదే.

ఆ రాజీ కూడా ఫలించలేదు. బిల్లుపై అభిప్రాయ సేకరణ తరువాత 1912 మార్చి 18, 19 తేదీల్లో చర్చ జరిగింది. సర్ హార్‌కోర్ట్ బట్లర్ ప్రభుత్వ పక్షాన వ్యతిరేకించాడు. వ్యయభారం, జనంలో కోరిక లేకపోవడం, స్వచ్ఛంద విస్తరణే మేలన్నవి ముఖ్య అభ్యంతరాలు. భూస్వామ్య వర్గపు అనధికార సభ్యులు కొందరు ప్రభుత్వంతో కలిశారు. మాలవీయ, జిన్నా సమర్థించారు. సెలెక్ట్ కమిటీకి పంపాలన్న ప్రతిపాదన 13–38 తేడాతో వీగిపోయింది. 1913 ఫిబ్రవరి విద్యావిధాన తీర్మానంలోనూ ప్రభుత్వం నిర్బంధ సూత్రాన్ని అంగీకరించలేదు. 1915లో గోఖలే మరణించాడు.

ఆంధ్రదేశంలో సరిగ్గా ఆ ఏళ్లలోనే గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం సాగుతున్నది. బడికి ఎవరు రావాలన్నది గోఖలే ప్రశ్న. వచ్చినవారికి ఏ తెలుగు చెప్పాలన్నది గిడుగు ప్రశ్న. రెంటినీ ఒకే చరిత్రలో చూసిన అధ్యయనాలు రావలసి ఉంది.

విఠల్‌భాయ్ పటేల్ కృషితో 1918లో బొంబాయిలో, 1920లో మద్రాసులో ప్రాథమిక విద్యా చట్టాలు వచ్చాయి. స్థానిక సంస్థలే నిర్బంధాన్ని ఎంచుకొనే పద్ధతి ఆ రెంటిలోనూ కనిపిస్తుంది. స్వతంత్ర భారతంలో ఈ హక్కు న్యాయస్థానం ద్వారా బలపడటానికి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వ్యాజ్యమే కారణమైంది: 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 14 ఏళ్ల వరకు ఉచిత విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ కేసు వృత్తివిద్యా కళాశాలల రుసుముల వివాదంగా మొదలైనది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. ఆ చట్టం వర్తించే వయసు 6 నుంచి 14 ఏళ్లు. బాలబాలికల మధ్య తేడా లేదు, రుసుముకు ఆదాయపు గీతా లేదు.