109 తలుపుల ఇల్లు

మారిషస్ వెళ్ళినవాళ్ళు ఎక్కువగా సముద్రం చూసి తిరిగొస్తారు. మేము ఒక రోజు మోకా అనే ఊళ్ళో కూడా గడిపాం. అక్కడ కొండ పాదాన, నది లోయ పక్కన ‘యురేకా’ అనే పాత కొయ్య ఇల్లుంది. 1830 ప్రాంతంలో కట్టిన ఈ ఇంటిని 1856లో యూజెన్ లె క్లెజియో వేలంలో కొన్నాడు. 2008లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచి రచయిత లె క్లెజియో ఆ వంశంవాడే. 1986లో దాన్ని మ్యూజియంగా తెరిచారు.

ఇంటికి 109 తలుపులని చెబుతారు. లెక్కపెట్టబోయిన మా అమ్మాయి ముప్ఫై దాటాక వదిలేసింది. అన్ని తలుపులూ గాలి కోసమే. ఎదురెదురు తలుపులు తీస్తే గాలి ఇల్లంతా తిరుగుతుంది. చుట్టూ ఉన్న వెడల్పాటి వరండాని అక్కడ ‘వరాంగ్’ అంటారు. ఎండనీ, జల్లునీ అది గోడల దాకా రానివ్వదు. తాళ్ళరేవు దగ్గర మా అమ్మమ్మగారింటి వసారా చేసిన పనీ అదే. వంటిల్లు మాత్రం, నిప్పు భయంతో, వెనక విడిగా కట్టారు.

ఆ వంటింటి ముందు నిలబడితే, ఇక్కడ వండిందెవరు అనిపించింది. ఇల్లు కట్టేనాటికి ఆ దీవిలో బానిసత్వం ఉంది. 1835లో అది రద్దయినప్పుడు యజమానులకు 20 లక్షల పౌన్లకు పైగా పరిహారం ముట్టింది. బానిసలకు దక్కింది శూన్యం. తర్వాత చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి కూలీలను తెచ్చారు. తొలినాళ్ళలో 5 ఏళ్ళ ఒప్పందం, నెలకు 5 రూపాయల జీతం. మా తాళ్ళరేవు పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్ళకు ఆ రేవు పేరే మిగిలింది. అక్కడ వాళ్ళను ‘కొరింగీ’లన్నారు.

దొరగారి ఇల్లు నిలిచింది. కూలీల గుడిసెలు ఎక్కడ ఉండేవో నాకు చూపించగలిగినవాళ్ళు దొరకలేదు. అయితే అదే మోకాలో, 1970లో ఏర్పడిన మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, ఆ కూలీల రిజిస్టర్లున్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎక్కివచ్చిన ఓడ, ఇచ్చిన నంబరు. గుమాస్తాలు తమ చెవికి వినపడినట్టు రాసిన పేర్లవి. మారిషస్ తెలుగువాళ్ళు తమ ముత్తాతల ఊరు వెతుక్కునేది వాటిలోనే. వాళ్ళ తాతల ఇల్లు ఆ కాగితాలే అనిపించింది నాకు.

మా అమ్మమ్మగారి ఇల్లు 1996లో అమ్మేశాం. అమెరికా తిరిగొచ్చాక ఊరి పేరు, తాతల పేర్లు, గదులు, వసారా, గుర్తున్నంతవరకు తలుపుల లెక్కతో సహా మా అమ్మాయి చేత తెలుగులో రాయించాను. పేర్లలో తప్పులు నేనే దిద్దాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ పని రేపటికి వాయిదా వెయ్యకండి.