సూదివైద్యము - సూదిమందు



మొన్న కార్తికమాసమున నేరేడ్‌మెట్టులో మా యింటి యరుగుమీద నొక చర్చ పుట్టినది. మోకాళ్లనొప్పికి సూదివైద్యము, అనగా ఆక్యుపంక్చర్, చేయించుకొనుచున్న మిత్రుడొకడు, "పంతులుగారూ, ఈ సూదులతోనే ఒంటికి రోగాలనాపే శక్తి వస్తుందట. ఇంక మా మనుమరాలికి టీకాలెందుకండీ?" అనెను. నాకు మా మేనత్త జ్ఞప్తికి వచ్చినది. బాల్యమున అమ్మవారు సోకి ఆమెకొక కన్ను పోయెను. కావున ఈ రెండు సూదుల చరిత్రమును విన్నవించుచున్నాను.

సూదివైద్యము చీనాదేశపుది. సుమారు రెండువేల యేండ్లనాటి హ్వాంగ్‌ది నైజింగ్ అను వైద్యగ్రంథమున దాని విధానము కలదు. "చీ" యను ప్రాణశక్తి దేహమున కొన్ని మార్గములలో ప్రవహించుననియు, నియతస్థానములందు సన్నని సూదులు గ్రుచ్చినచో దాని యడ్డంకులు తొలగుననియు వారి మతము. ఆ సూదిలో మందేమియు నుండదు. ఇది మన మర్మశాస్త్రమునుండి పోయినదే యని కొందరందురు. నేనొప్పుకొనను. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మములు శస్త్రము తగులరాని చోట్లు. చీనావారివో, కోరి గ్రుచ్చవలసిన చోట్లు.

1938లో, జపాను దండయాత్రకు గురియైన చీనాకు మన కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపెను. వారిలో ద్వారకానాథ్ కోట్నీస్, మన పద్మశాలీలనేకులు స్థిరపడిన షోలాపురమువాడు; 1942లో అక్కడనే కన్నుమూసెను. మరియొకరు బిజయ్ కుమార్ బసు. ఆయన తరువాత మరల చీనాకు పోయి ఈ విద్య నభ్యసించి, 1959లో కలకత్తాలో ప్రవేశపెట్టెను.

ఇక రెండవ సూది. టీకా యనగా మాబోటివారికి వ్యాఖ్యానము. వంగదేశమున మాత్రము టీకాదారులు ఇంటింటికి తిరిగి మశూచిపొక్కుల రసమును చర్మమున కెక్కించెడివారు. 1767లో హాల్వెల్ అను దొర ఈ పద్ధతిని లండనులో వివరించి ప్రకటించెను. సూదివైద్యమునకు పుట్టినిల్లయిన చీనావారును మశూచి విషయమున ఆ సూదులనే నమ్ముకొని కూర్చుండలేదు సుమా! 16వ శతాబ్దము నాటికే ఎండిన పొక్కుల పొడిని పిల్లల ముక్కులలోనికి ఊదుచుండిరి. దీనివలన చనిపోయినవారును లేకపోలేదు. 1796లో జెన్నరు గోమశూచి రసముతో ఆ భయమును చాలవరకు తొలగించెను. 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో ఆనా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు మనదేశమున మొదటి గోమశూచి టీకా పడెను. 1975 తరువాత మనదేశమున అమ్మవారు సోకినవారు లేరు.

నొప్పులకును, శస్త్రచికిత్స పిదప వచ్చు వాంతులకును సూదివైద్యము కొంత ఉపశమనమిచ్చునని పరీక్షలలో తేలినది. రక్తకణములలో మార్పులు కనబడినవని కొన్ని పరిశోధనలు చెప్పుచున్నవి గాని, దానివలన తట్టు గాని కోరింతదగ్గు గాని రాకుండ నాగునని నిరూపణ కాలేదు. దేహము ఒక్కొక్క రోగమును విడివిడిగా గుర్తుపట్టవలెను. దొంగ ఊరిలో అడుగిడకముందే తలారికి వాని ఆనవాలు చూపినట్లు, టీకా ఆ గుర్తును ముందుగా చూపును.

మిత్రునితో ఇంతయు చెప్పితిని. అతడు చాలసేపు ఊరకుండి, "మీ మేనత్తగారికి టీకా వేయించలేదా?" అని యడిగెను. లేదంటిని. మరుసటి బుధవారము మనుమరాలిని చంకనెత్తుకొని వచ్చి, ఆసుపత్రికి నన్నును తోడు రమ్మనెను. మోకాళ్లకు సూదులు మాత్రము ఈనాటికిని మానలేదు.