పార్వతీపురంలో ఓడిన రాష్ట్రపతి

వి.వి. గిరి అనగానే అందరూ 1969 దగ్గరికి వెళ్లిపోతారు. ఇందిర, సిండికేట్, అంతరాత్మ ప్రబోధం. నా ధ్యాస మాత్రం అంతకు పన్నెండేళ్ల ముందు, మా వైపే ఆయన ఓడిపోయిన ఎన్నిక మీద.

మా పొందూరు పేరు చెబితే జనానికి ఖద్దరు గుర్తొస్తుంది. గిరి కథలోకి వెళ్లాలంటే మాత్రం రైలు పట్టాలు పట్టుకోవాలి. మా ఊరి మీదుగా పోయే హౌరా లైను ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేది. 1894లో బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో లా చదివొచ్చిన ఈ తెలుగాయన ఆ రైల్వే కార్మికుల సంఘంలోంచే పైకొచ్చాడు. 1937లో, మద్రాసు ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజాని బొబ్బిలిలోనే ఓడించాడు. జమీందార్ల సీమలో అది చిన్న సంగతి కాదు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ వచ్చింది. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్తే, నెహ్రూ దగ్గరా అదే శాఖ. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ తీర్పుని ప్రభుత్వం సవరించిందని 1954లో రాజీనామా పడేశాడు.

ఇక 1957. పార్వతీపురం అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక సీటు గిరిజనులకి రిజర్వు, ఇంకోటి జనరల్. లెక్కింపు అయ్యాక చూస్తే ముందున్న ఇద్దరూ గిరిజనులే. బి. సత్యనారాయణ దొర రిజర్వు సీటుకి, డిప్పల సూరి దొర జనరల్ సీటుకి ఎన్నికైనట్టు ప్రకటించారు. గిరి కోర్టుకెక్కాడు. రిజర్వు సీటుకని నామినేషన్ వేసినవాడికి జనరల్ సీటు ఎలా ఇస్తారని ఆయన వాదన. రిజర్వేషన్ ఉన్నంత మాత్రాన గిరిజనుడికి జనరల్ సీటు మీద హక్కు పోదని 1959లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టప్రకారం అడగదగ్గ ప్రశ్నే అనుకోండి. కానీ బొబ్బిలి రాజాని దించినాయన నోట ఈ వాదన రావడం నాకు మింగుడుపడదు. సూరి దొర పేరు నేను మొదట చూసింది కూడా ఆ కేసు శీర్షికలోనే. 1961లో ఇద్దరు సభ్యుల స్థానాలనే ఎత్తేశారు.

తీర్పు వచ్చేనాటికి ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరు. తర్వాత కేరళ, మైసూరు, 1967లో ఉపరాష్ట్రపతి పదవి.

1969 మే 3న జాకిర్ హుస్సేన్ పోయారు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి జూలై 20న రాజీనామా చేసి, 74 ఏళ్ల వయసులో స్వతంత్రుడిగా బరిలోకి దిగాడు. కాంగ్రెస్ నిలబెట్టింది ఇంకో తెలుగాయన్ని, నీలం సంజీవరెడ్డిని. మొదటి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. గెలవాలంటే 4,18,169 కావాలి. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడుతుంటే రెడ్డి బాగా దగ్గరికి వచ్చేశాడు. ఆఖరికి 4,20,077, 4,05,427. దాదాపు 88 వేల ఆధిక్యం 14,650కి దిగిపోయింది. పార్టీ టిక్కెట్టు లేకుండా రాష్ట్రపతి అయినవాడు ఇప్పటికీ ఆయనొక్కడే.

ఆ గెలుపూ సుప్రీంకోర్టుకే వెళ్లింది. ఈసారి గిరి ప్రతివాది. 1970లో, పదవిలో ఉండగానే కోర్టుకి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పాడు. పిటిషన్లు కొట్టేశారు.