దత్తశిశువులలో అనుబంధ లోపం

అనుబంధ లోపం అనగా శైశవంలో స్థిరమైన ఆలనాపాలనా లభించని పిల్లలకు, తమను పెంచేవారితో గాఢమైన మమత ఏర్పడకపోవటం వలన కలిగే మానసిక రుగ్మత. తొలి సంవత్సరాలను అనాథాశ్రమాలలోనో, తరచుగా మారిన పెంపుడు ఇళ్ళలోనో గడిపి దత్తతకు వెళ్ళిన కొందరు పిల్లలలో ఇది కనిపిస్తుంది. దీనికి మూలం దత్తత కాదు, దత్తతకు ముందు జరిగిన లోటు. దీనిని గురించి నేడు తెలిసిన విషయాలలో ముఖ్యమైనవి రుమేనియా అనాథబాలలపై జరిగిన రెండు పరిశోధనల నుండి లభించాయి.

తొలి పరిశీలనలు

మనోవిశ్లేషకుడు రెనీ స్పిట్జ్ 1945లో రెండు సంస్థలలోని శిశువులను పోల్చి చూశాడు. ఒకటి శుభ్రత, వైద్యసదుపాయం ఉన్నా, ఎందరో శిశువులకు ఒకే ఆయా ఉన్న అనాథాశ్రమం. రెండవది ఖైదీలైన తల్లులు తమ బిడ్డలను తామే పెంచుకొనే జైలు శిశుశాల. జైలులోని పిల్లలు చక్కగా ఎదగగా, ఆశ్రమంలోని పిల్లలు శారీరకంగాను, మానసికంగాను క్షీణించారు. ఆహారం, వైద్యం మాత్రమే శిశువుకు చాలవని దీని వలన తేలింది. 1951లో బ్రిటిష్ వైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదిక ఈ భావనను బలపరచింది.

లక్షణాలు

అమెరికా మనోవైద్య సంఘం ఈ రుగ్మతను 1980లో తన వర్గీకరణలో చేర్చింది. 2013లో దీనిని రెండుగా విభజించింది.

* ముడుచుకొనిపోయే రకం: బాధ కలిగినా బిడ్డ పెద్దల వద్దకు రాదు. ఎత్తుకొని ఓదార్చినా ఊరట పొందదు. నవ్వు, ఉత్సాహం తక్కువ.
* హద్దులేని చనువు రకం: బిడ్డ కొత్త పాత లేకుండా ఎవరి ఒడిలోనైనా చేరుతుంది. పెంచినవారి వైపు వెనుదిరిగి చూడకుండా అపరిచితుల వెంట వెళ్ళిపోతుంది.

తిండి దాచుకోవటం, అబద్ధాలాడటం, దొంగతనం, కోపంతో వస్తువులు పగులగొట్టటం వంటివి ఇట్టి పిల్లలలో కొందరికి ఉన్నప్పటికీ, ఇవి రోగనిర్ధారణకు ఆధారాలు కావు. ఆకలి ఎరిగిన బిడ్డ రొట్టెముక్కను దిండు క్రింద దాచటం మోసబుద్ధి కాదు, జాగ్రత్త. ఈ తేడా తెలియక పిల్లలను దుర్మార్గులుగా ఎంచిన కుటుంబాలు ఉన్నాయి.

రుమేనియా నేపథ్యం

రుమేనియా పాలకుడు నికొలాయ్ చౌషెస్కూ జనాభాను పెంచదలచి 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు. పోషించలేని తల్లిదండ్రులు బిడ్డలను ప్రభుత్వ ఆశ్రమాలకు అప్పగించారు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు ఆశ్రమాలలో ఉన్నారు. రోజంతా ఊచల మంచాలలో పడి ఉన్న పసివారి చిత్రాలు వెలువడగానే పాశ్చాత్య దేశాల కుటుంబాలు దత్తతకు ముందుకు వచ్చాయి.

ఇంగ్లండు అధ్యయనం

మైకేల్ రట్టర్ బృందం బ్రిటన్‌కు దత్తత వచ్చిన 165 మంది రుమేనియా పిల్లలను చిన్నతనం నుండి యౌవనం వరకు పరిశీలించింది. శైశవంలోనే దత్తతకు వెళ్ళిన 52 మంది బ్రిటిష్ పిల్లలతో వారిని పోల్చింది. ఆశ్రమంలో ఆరు నెలల కంటె తక్కువ కాలం ఉన్నవారు దాదాపు ఇతర పిల్లల వలెనే ఎదిగారు. అంతకు మించి ఉన్నవారిలో హద్దులేని చనువు, అతిచురుకుదనం, ఏకాగ్రతా లోపం, ఆటిజం వంటి లక్షణాలు పెద్దయిన తరువాత కూడా ఎక్కువగా నిలిచాయి. వారిలో బుద్ధిశక్తి క్రమంగా కోలుకోగా, దిగులు, ఆందోళన యౌవనంలో క్రొత్తగా తలెత్తాయి. అయితే దీర్ఘకాలం ఆశ్రమంలో ఉన్నవారిలో కూడా సుమారు ఐదవ వంతు మందికి ఏ దశలోను సమస్య రాలేదు. 2020లో ప్రచురితమైన మెదడు చిత్రాలలో ఈ దత్తపుత్రుల మెదడు పరిమాణం బ్రిటిష్ దత్తపుత్రుల కంటె సగటున 8.6 శాతం తక్కువగా ఉన్నట్లు కనిపించింది.

బుకారెస్ట్ ప్రయోగం

చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అను అమెరికా పరిశోధకులు బుకారెస్ట్ నగరంలోని ఆరు ఆశ్రమాల నుండి 136 మంది పిల్లలను ఎంచుకొన్నారు. చీట్లు వేసినట్లుగా సగం మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగిలినవారు ఆశ్రమ సంరక్షణలోనే కొనసాగారు. వారిని తరువాత ఎవరైనా ఇళ్ళకు తీసుకువెళితే పరిశోధకులు అడ్డుపడలేదు. ఇళ్ళకు వెళ్ళిన పిల్లలలో బుద్ధివికాసం మెరుగుపడింది. ముడుచుకొనిపోయే లక్షణాలు బాగా తగ్గాయి. రెండేళ్ళ వయసుకు ముందు ఇల్లు చేరినవారికి లాభం అధికం. ఏకాగ్రతా లోపం మాత్రం అంతగా తగ్గలేదు. రెండేళ్ళ లోపు శిశువులను ఆశ్రమాలలో ఉంచరాదని రుమేనియా 2004లో చట్టం చేసింది.

చికిత్స

ఈ రుగ్మతను నయం చేసే మందు లేదు. దిగులు, అతిచురుకుదనం తోడైనప్పుడు వాటికి మాత్రమే మందులు వాడతారు. అసలు చికిత్స మారని మనిషి, మారని ఇల్లు. బిడ్డ దూరంగా నెట్టినా పెంచేవారు ఓర్పుతో దగ్గరకు చేరటం నేర్చుకోవాలి. మేరీ డోజియర్ రూపొందించిన పద్ధతిలో శిక్షకులు పదిసార్లు ఇంటికి వచ్చి ఈ మెలకువలు నేర్పుతారు.

హానికర పద్ధతులు

బిడ్డను బలవంతంగా అదిమిపట్టి అనుబంధం కలిగించవచ్చునని కొందరు ప్రచారం చేశారు. 2000 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పునర్జన్మ చికిత్స పేరిట పదేళ్ళ దత్తపుత్రికను దుప్పటిలో చుట్టి దిండ్లతో అదమగా ఊపిరాడక మరణించింది. చికిత్స చేసిన ఇద్దరికి 16 ఏళ్ళ జైలుశిక్ష పడింది. 2001లో ఆ రాష్ట్రం ఈ పద్ధతిని నిషేధించింది. నిపుణుల సంఘాలు ఇట్టి పద్ధతులను ఖండించాయి.

భారతదేశంలో

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను సంస్థలో ఉంచటం చివరి మార్గం మాత్రమే. దత్తత ఉత్తర్వు వెలువడక ముందే శిశువును కాబోయే తల్లిదండ్రుల పెంపకంలో ఉంచే ఏర్పాటు ఉన్నది. దత్తత తరువాత రెండేళ్ళ పాటు ఆరు నెలలకు ఒకసారి బిడ్డ స్థితిగతులను పరిశీలించాలి. ఈ పరిశీలనలో బిడ్డ బరువు, ఎత్తులతో పాటు పెంచేవారి వద్ద ఊరట పొందుతున్నదా అన్నది కూడా గమనించదగిన విషయం.