సూది మొదలు స్పీకరు దాకా: ఇంటి హై-ఫై చరిత్ర

రికార్డు మీద విన్న పాట ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉండాలన్న తపన గ్రామఫోను అంత పాతది. దానికి హై-ఫై అన్న పేరు స్థిరపడి, అదొక వ్యాపకంగా, వ్యాపారంగా పెరిగింది మాత్రం రెండో ప్రపంచయుద్ధం తర్వాత, ముఖ్యంగా ఇంగ్లండులో, అమెరికాలో. గాడిలో కదిలే సూది, ఆ కదలికను కరెంటుగా మార్చే పికప్, దాన్ని పెంచే ఆంప్లిఫయర్, గాలిని కదిపే స్పీకరు, అన్నిటినీ చుట్టుకుని ఉండే గది. వీటిలో ఒకటి బాగుపడినప్పుడల్లా పక్కదాని లోపం బయటపడుతూ వచ్చింది. హై-ఫై చరిత్రను నడిపించింది చాలావరకు ఇదే.

1925 దాకా రికార్డింగులో కరెంటు ప్రసక్తే లేదు. గాయకుడు పెద్ద బూరాలోకి గొంతెత్తి పాడితే ఆ గాలి ఒత్తిడే మైనంలో గాడి చెక్కేది. సుమారు 250 నుంచి 2,500 హెర్ట్జ్ దాకా తప్ప అందులో ఏదీ నిలిచేది కాదు. మంద్రస్వరాలు, తాళాల మెరుపు రెండూ పోయేవి. అమ్మకానికి అచ్చుపోసే రికార్డుల పదార్థంలో కీలకమైనది లక్క, అది ఎక్కువగా భారతదేశం నుంచే వెళ్లేది. ఆ లక్కలో మెత్తటి రాతిపొడి కలిపేవారు. చూడ్డానికి ఇది రికార్డును చెడగొట్టే పనిలా ఉంటుంది కానీ కావాలనే చేసేవారు. వంద గ్రాములకు పైబడిన బరువు మోస్తూ ఉక్కు సూది గాడిలో దిగగానే, మొదటి కొన్ని చుట్లలోనే రాతిపొడి దాని మొనను అరగదీసి గాడి ఆకారానికి సరిపెట్టేది. అందుకే వైపుకొక సూది మార్చాలనేవారు. పాట వెనక ఎడతెగకుండా వినిపించే గరగర ఆ రాతిపొడి చలవే.

1925లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారి మైక్రోఫోను పద్ధతి స్టూడియోలకు చేరింది. అదే ఏడాది విక్టర్ కంపెనీ ఆర్థోఫోనిక్ విక్ట్రోలా అమ్మకానికి పెట్టింది. మడతలు పెట్టిన పొడవాటి బూరా దాని పెట్టెలోనే ఇమిడి ఉండేది. ధ్వని పరిధి అటు 100, ఇటు 5,000 హెర్ట్జ్ దాకా విస్తరించింది. జనరల్ ఎలక్ట్రిక్‌లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇంజనీర్లు అయస్కాంతం మధ్య తీగచుట్టతో కాగితపు శంకువును కదిపే స్పీకరును వివరించిందీ ఆ సంవత్సరమే. ఇప్పటి స్పీకర్లలో చాలావాటి మూలసూత్రం అదే. అయినా బూరాల మీద మోజు వెంటనే పోలేదు. లండన్‌లో ఇ.ఎం.జి. వంటి చిన్న సంస్థలు కాగితపు గుజ్జుతో రెండడుగులకు పైగా వెడల్పున్న బూరాలు చేత్తో చేసి అమ్మేవి. వాటిని కొన్నవారు ఉక్కు సూది ముట్టకుండా, వెదురు పేళ్లూ ముళ్లూ చెక్కుకుని వాడేవారు. 1923లో మొదలైన ‘ది గ్రామఫోన్’ పత్రికలో ఈ చర్చలు పేజీలకు పేజీలు సాగేవి. మంచి ధ్వని కోసం ఇంట్లో కష్టపడే ఔత్సాహికుడు అన్న మనిషి నిజానికి అక్కడే తయారయ్యాడు.

తర్వాతి పెద్ద అడుగు యుద్ధం వల్ల పడింది. జలాంతర్గాముల చప్పుళ్లలో శత్రువుది ఏదో, మనదేదో పోల్చుకునే శిక్షణకు అత్యంత స్పష్టమైన రికార్డులు కావాలని బ్రిటిష్ సైన్యం డెక్కా కంపెనీని అడిగింది. ఆర్థర్ హాడీ బృందం 14,000 హెర్ట్జ్ దాకా పట్టగల పద్ధతిని రూపొందించింది. యుద్ధం ముగిసే నాటికి అదే సంగీతం రికార్డులకు వచ్చింది. వచ్చాక తేలిందేమిటంటే, రికార్డులో ఉన్నదాన్ని పాడుచేయకుండా స్పీకరుకు అందించే ఆంప్లిఫయరు చాలా ఇళ్లలో లేదు.

ఆ లోటు తీర్చింది కంపెనీ కాదు, పత్రికలో వచ్చిన వ్యాసం. 1947 ఏప్రిల్, మే నెలల్లో ‘వైర్‌లెస్ వరల్డ్’ డి.టి.ఎన్. విలియమ్సన్ రూపొందించిన వాల్వు ఆంప్లిఫయరు వివరాలు ప్రచురించింది. 15 వాట్ల శక్తి, వక్రీకరణ 0.1 శాతం. దాని కీలకం నెగటివ్ ఫీడ్‌బ్యాక్. బయటికొచ్చే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి లోపలికొచ్చేదానితో పోల్చి, తేడాను దిద్దుకోవడం దాని పని. ఆలోచన కొత్తది కాదు. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్‌కు 1927 ఆగస్టులో హడ్సన్ నది దాటే ఫెర్రీలో తట్టింది. చేతికందిన న్యూస్‌పేపరు మీదే దాన్ని రాసుకున్నాడు. టెలిఫోను లైన్లకు పనికొచ్చిన ఆ సూత్రాన్ని ఇంటి ఆంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా కలుపుకుని అంత గట్టిగా వాడటంలోనే విలియమ్సన్ నేర్పు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ నాసిరకమైతే దిద్దుబాటు ఆలస్యంగా చేరి, తప్పును తగ్గించే బదులు పెంచుతుంది. ఆంప్లిఫయరు తనంతట తానే ఊళపెడుతుంది. అందుకే వ్యాసం వైరు చుట్లతో సహా ట్రాన్స్‌ఫార్మర్ తయారీని విడమరిచి చెప్పింది. సోల్డరింగ్ వచ్చినవాళ్లు దేశదేశాల్లో దాన్ని కట్టుకున్నారు. అమెరికాలో హీత్‌కిట్ సంస్థ విడిభాగాల పెట్టెగానే అమ్మింది.

1948 జూన్‌లో కొలంబియా ఎల్‌పీ రికార్డు వచ్చింది. వినైల్‌లో రాతిపొడి లేదు, అందుకని గరగరా లేదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ వైపుకు ఇరవై నిమిషాలకు పైగా మోగేది. గాడి సన్నబడటంతో పికప్ బరువు కొద్ది గ్రాములకు దిగక తప్పలేదు. ఇంకో చిక్కు, మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచి గాడి కోసే కొలత కంపెనీకొకటి ఉండేది. వినేవాళ్లు రికార్డు లేబుల్ చూసి ఆంప్లిఫయరు మీద మీట తిప్పుకోవలసి వచ్చేది. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ ఒకే ప్రమాణం ఖరారు చేశాక ఆ బాధ క్రమంగా తీరింది.

ఇక స్పీకరు. శంకువు ముందుకు కదిలి గాలిని నెట్టినప్పుడు వెనక వైపు గాలి పలచబడుతుంది. ఆ రెండూ కలిస్తే మంద్రస్వరం రద్దయిపోతుంది. కలవకుండా ఉండాలంటే పెద్ద పెట్టె కావాలి. అమెరికాలో పాల్ క్లిప్ష్ గది మూలగోడలనే బూరాలో భాగంగా వాడుకున్నాడు. యార్క్‌షైర్‌లో వార్ఫ్‌డేల్ స్థాపకుడు గిల్బర్ట్ బ్రిగ్స్ మరీ మొండిగా ఆలోచించాడు. పెట్టె గోడలు అదిరితే ఆ అదురు కూడా సంగీతంలో కలుస్తుంది కనుక రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఇసుక పోయించాడు. గది మూలలో ఏకంగా ఇటుకలతో స్పీకరు కట్టమనీ సలహా ఇచ్చాడు. 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాలులో, మరుసటి ఏడాది న్యూయార్క్ కార్నెగీ హాలులో వాద్యకారులను కూర్చోబెట్టి, వాళ్లు వాయించినదాన్నీ దాని రికార్డునూ పక్కపక్కన వినిపించాడు. ప్రకటన అన్నమాట నిజమే, అయినా అంత ధైర్యమైన ప్రకటన అరుదు.

అదే 1954లో మసాచుసెట్స్‌లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ స్థాపించారు. వాళ్ల ఏఆర్-1లో శంకువును పట్టి ఉంచే అంచు చాలా వదులుగా ఉంటుంది. దాన్ని వెనక్కి లాగే స్ప్రింగు పని గాలి చొరని చిన్న పెట్టెలోని గాలే చేస్తుంది. బీరువాలో పట్టే పెట్టె నుంచి అంతకుముందు ఇటుకల కట్టడం ఇచ్చిన మంద్రం పలికింది. మూల్యం మాత్రం ఉంది: అదే శబ్దానికి ఎక్కువ వాట్లు కావాలి. విలియమ్సన్ తరహా ఆంప్లిఫయర్లు అప్పటికే ఉండబట్టి ఆ బేరం కుదిరింది. 1957లో ఇంగ్లండులో పీటర్ వాకర్ తెచ్చిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరు దీనికి పూర్తి విరుద్ధం. పెట్టే లేదు, శంకువూ లేదు. పలచటి ప్లాస్టిక్ పొర మీద విద్యుదావేశమే దాన్ని కదుపుతుంది. గాత్రం అంత తేటగా పలికిన స్పీకరు అప్పటికి లేదు. గట్టిగా మోగమంటే మాత్రం మోగదు.

స్టీరియో ఆలోచన ఇంతకంటే చాలా పాతది. ఇ.ఎం.ఐ. ఇంజనీరు అలన్ బ్లమ్లైన్ 1931 డిసెంబరులోనే పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఒకే గాడి రెండు గోడల మీద రెండు చానళ్లు చెక్కడమూ అందులో ఉంది. 1942లో రాడార్ పరీక్షిస్తుండగా విమానం కూలి 38 ఏళ్లకే చనిపోయాడు. ఆ గాడి అంగడికి చేరింది 1957-58లో. చేరగానే టర్న్‌టేబుళ్ల గుట్టు రట్టయింది. మోనో పికప్‌కు పక్కల కదలికే సంగీతం, పైకీ కిందికీ కదిలితే పట్టించుకోదు. స్టీరియోలో గాడి గోడలు 45 డిగ్రీల వాలులో ఉంటాయి కనుక నిలువు కదలిక కూడా శబ్దమే. అప్పటిదాకా నిశ్శబ్దంగా తిరిగిందనుకున్న మోటారు గుర్రుమనడం మొదలెట్టింది. మోటారును రబ్బరు బెల్టుతో దూరంగా ఉంచి, పళ్లేన్నీ టోన్‌ఆర్మ్‌నూ స్ప్రింగుల మీద వేలాడదీసిన ఏఆర్ టర్న్‌టేబుల్ 1961లో వచ్చింది. తర్వాతి దశకంలో స్కాట్లండ్ వారి లిన్ సోండెక్ ఆ దారినే నడిచింది. రెండు స్పీకర్లు పెట్టాల్సి రావడం చిన్న పెట్టెలకు కలిసొచ్చింది. రెండు ఇటుక కట్టడాలకు ఏ ఇంటి హాలు సరిపోతుంది?

అరవైల్లో వచ్చిన ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు కాగితం మీది అంకెల్లో నెగ్గి చెవిలో ఓడాయి. సంకేతం ప్లస్ నుంచి మైనస్‌కు మారే చోట కొన్నిట్లో పడే చిన్న విరుపు పూర్తి శక్తి వద్ద కొలిస్తే కనపడదు, తక్కువ శబ్దంలో కర్కశంగా వినపడుతుంది. దాన్ని సరిదిద్దడానికి కొన్నేళ్లు పట్టింది. 1982 అక్టోబరులో జపాన్‌లో సీడీ రావడంతో సూది, గాడి, బెల్టు, గరగర అన్నీ ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నాయి.

మిగిలినవి స్పీకరు, గది. ఐదు మీటర్ల పొడవున్న గదిలో గోడల మధ్య తిరిగే ధ్వని సుమారు 34 హెర్ట్జ్ దగ్గర తనమీద తానే పేరుకుంటుంది. ఒక మూల బాస్ హోరుమంటే గది నడుమ మాయమవుతుంది. ఎంత ఖరీదైన కేబుల్ వేసినా దీన్ని మార్చలేదు. స్పీకరును గోడ నుంచి జరపడం, కూర్చునే చోటు మార్చడం మాత్రం మార్చగలవు. అమర్ బోస్ 1968లో తెచ్చిన 901లో తొమ్మిది స్పీకర్లలో ఎనిమిదింటిని గోడ వైపు తిప్పి, గదినే వాద్యంలో భాగం చేయాలని చూశాడు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ ఈ స్పీకరు-గది సమస్యను వేరేలా పట్టుకున్నాడు. ఏ స్పీకరు మోగుతోందో కనపడకుండా తెర వెనక పెట్టి వినిపించాడు. కళ్లకు తెర పడ్డాక శ్రోతల అభిప్రాయాలు చాలావరకు ఒక్కటయ్యాయి. ముందుకే కాక పక్కలకు కూడా సమంగా పలికే స్పీకర్లనే వాళ్లు మెచ్చారు, ఎందుకంటే గది గోడల నుంచి తిరిగొచ్చేది ఆ పక్కల ధ్వనే. తర్వాత హార్మన్ సంస్థలో ఆయన, షాన్ ఆలివ్ 1994లో కొందరికి ముందు తెర వెనక నుంచి వినిపించి, తర్వాత తెర తీసి మళ్లీ అడిగితే అదే శ్రోతలు పెద్ద, అందమైన పెట్టెలకు ఎక్కువ మార్కులు వేశారు.